లా కాలేజీకి పోయి చదవాలి, స్పానిష్ ఇంటి నుంచి నేర్చుకోవచ్చు

"లా చదవాలని ఉందన్నా, దూరవిద్యలో దొరుకుతుందా?" ఏజెన్సీలో డిగ్రీ అయిపోయిన మన పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. అడగడంలో తప్పేం లేదు. ఇంటి దగ్గర పోడు పని ఉంటుంది. అమ్మానాన్నల ఆరోగ్యం అంతంతమాత్రం. కాలేజీ ఉన్న టౌనులో ఉండాలంటే రూము కిరాయి, తిండి, బస్సు ఛార్జీలు. అందుకే ముందు ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పి, ఆ తర్వాత నేను చెప్పాలనుకున్న అసలు మాటకు వస్తాను.

దూరవిద్యలో చదివిన లా డిగ్రీతో నల్లకోటు వేసుకోలేరు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న కాలేజీలో చేరి, క్లాసులకు పోయి, హాజరు నిలుపుకుని చదివితేనే అడ్వకేటుగా ఎన్‌రోల్ అవుతారు. "ఇంట్లో కూర్చుని ఎల్‌ఎల్‌బీ చేయండి" అని ఎవరైనా ప్రకటన వేస్తే దానికి డబ్బులు కట్టకండి. ఇంటర్ అయినోళ్లకు ఐదేళ్ల కోర్సు, డిగ్రీ అయినోళ్లకు మూడేళ్ల కోర్సు. రెండింటికీ లాసెట్ రాయాలి. ఎస్టీ అభ్యర్థులకు ఇంటర్లో గానీ డిగ్రీలో గానీ 40 శాతం మార్కులు చాలు.

ఇక్కడ మనోళ్లు ఎక్కువగా ఇరుక్కునే చోటు ఒకటుంది. ఇంటర్ పాసై, ఆ తర్వాత ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసినవాళ్లు లా చదవడానికి అర్హులే. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ వరుసగా ఉంటే చాలు, డిగ్రీ దూరవిద్యలో చేశారని ఎవరూ ఆపలేరు. కానీ ఇంటర్ లేకుండా అర్హత పరీక్ష రాసి నేరుగా ఓపెన్ డిగ్రీలో చేరినవాళ్లను బార్ కౌన్సిల్ నిబంధనలు లా కోర్సుకు ఒప్పుకోవు. మధ్యలో చదువు ఆగిపోయి, మళ్లీ మొదలుపెట్టిన పిల్లలు మన దగ్గర చాలా మంది. వాళ్లకు ఈ సంగతి ముందే తెలియాలి. మూడేళ్లు కష్టపడి డిగ్రీ తెచ్చుకున్నాక కౌన్సెలింగ్ దగ్గర తెలిస్తే ఏం లాభం?

సరే, లా మాత్రం కాలేజీకి పోయే చదవాలి. మరి దూరవిద్య దేనికి పనికొస్తుంది? బార్ కౌన్సిల్ 2008లో తెచ్చిన లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్‌లో 6వ రూల్ చూడండి. లా చదువుతూ ఇంకో రెగ్యులర్ కోర్సులో చేరకూడదని అది చెబుతుంది. కానీ అదే రూల్ కింద ఒక వెసులుబాటు కూడా ఉంది. భాష నేర్పే పార్ట్ టైమ్ సర్టిఫికెట్ కోర్సులకు, యూనివర్సిటీల దూరవిద్యా కేంద్రాలు నడిపే కోర్సులకు ఈ అడ్డు లేదు. అంటే పొద్దున లా కాలేజీకి పోయి, రాత్రి దూరవిద్యలో ఒక భాష నేర్చుకోవడానికి చట్టమే దారి వదిలింది. ఆ భాష స్పానిష్ అయితే మన ఉద్యమానికి మేలు జరుగుతుందని నా వాదన.

నవ్వొస్తోందా? "ఇంగ్లీషుకే దిక్కు లేదు, స్పానిష్ అంట" అనుకుంటున్నారా? ఆ మాటకు తర్వాత వస్తాను. ముందు స్పానిష్‌లో ఏముందో చూద్దాం.

1997 మనందరికీ గుర్తుండే సంవత్సరం. ఆ ఏడాది జూలై 11న సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది. అనంతగిరి మండలంలో ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన గనుల లీజులు చెల్లవని చెప్పింది. 1/70 చట్టంలో ఉన్న "వ్యక్తి" అనే మాట కిందకు ప్రభుత్వం కూడా వస్తుందని, గిరిజనేతరుడు మన భూమి ఎట్లా కొనకూడదో, సర్కారు కూడా మన ఏరియాలో భూమిని గిరిజనేతరుడికి అట్లాగే ఇవ్వకూడదని తేల్చింది. ఈ తీర్పు పేరు తెలియని కార్యకర్త మన ఏజెన్సీలో ఉండడు.

అదే 1997లో, సమతా కంటే ఐదు నెలల ముందు, కొలంబియా రాజ్యాంగ న్యాయస్థానం ఇంకో తీర్పు ఇచ్చింది. అక్కడ ఊవా అనే ఆదివాసీ జాతి ఉంది. వాళ్ల కొండల కింద చమురు వెతకడానికి ప్రభుత్వం ఒక అమెరికా కంపెనీకి అనుమతి ఇచ్చింది. ఊవాలకు చమురంటే భూమి తల్లి రక్తం. ఆ జాతితో సరిగ్గా సంప్రదించకుండా ఇచ్చిన అనుమతి వాళ్ల ప్రాథమిక హక్కుల మీద దెబ్బ అని ఆ కోర్టు చెప్పింది. పేరుకు ఒక మీటింగ్ పెట్టి సంతకాలు తీసుకుంటే దాన్ని సంప్రదింపు అనరని వివరంగా రాసింది. అదే కొట్లాట అక్కడితో ఆగలేదు. దేశంలోని కోర్టులు దాటి అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం దాకా పోయింది. 2024లో ఆ కోర్టు కొలంబియా ప్రభుత్వం తప్పు చేసిందని తీర్పు ఇచ్చింది. 27 ఏళ్ల పోరాటం అది.

ఒకే ఏడాది, భూమికి ఆ చివర ఒక జాతి, ఈ చివర మనం. ఇద్దరిదీ ఒకటే కొట్లాట. కానీ వాళ్ల సంగతి మనకు తెలియదు, మన సంగతి వాళ్లకు తెలియదు. మధ్యలో అడ్డుగా ఉన్న వాటిలో భాష ఒకటి.

నికరాగువాలో మయాంగ్నా అనే అడవి జాతి ఉంది. వాళ్ల ఊరు అవాస్ తింగ్ని. 1996లో అక్కడి ప్రభుత్వం సుమారు 62,000 హెక్టార్ల అడవిలో కలప కొట్టుకోమని ఒక కొరియా కంపెనీకి అనుమతి ఇచ్చింది. ఆ అడవి ప్రభుత్వానిదని, మీ దగ్గర పట్టా కాగితం ఏదని సర్కారు వాదన. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? ఊరోళ్లు ఏం చేశారంటే, వాళ్ల నేల మ్యాపు వాళ్లే గీసుకున్నారు. ఎక్కడ వేటాడతారో, ఎక్కడ పెద్దలను పాతిపెట్టారో, ఏ కొండ మీద దేవుడున్నాడో అన్నీ గుర్తించారు. ఊరి మనుషులు కోర్టుకు పోయి సాక్ష్యం చెప్పారు. ఆ జాతుల జీవితాన్ని చదివిన నిపుణులు కూడా సాక్ష్యం ఇచ్చారు. 2001 ఆగస్టు 31న అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆదివాసులకు నేల మీద ఉండే సమష్టి హక్కు వాళ్ల ఆచారం నుంచే వస్తుంది, సర్కారు కాగితం ఇచ్చినప్పుడు కొత్తగా పుట్టదు అని ఆ తీర్పు సారాంశం. హద్దులు గీసి పట్టా ఇవ్వమని ఆదేశించింది. ఆ పట్టా చేతికి రావడానికి 2008 డిసెంబరు దాకా పట్టింది. తీర్పు గెలవడం వేరు, నేల చేతికి రావడం వేరు అని మనకూ తెలుసు కదా. అదీ ఒకటే కథ.

ఈ కేసు మనకెందుకు? మన అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నిబంధనల్లో 13వ రూల్ ఉంది. పెద్దల వాంగ్మూలం, సమాధులు, పవిత్ర స్థలాలు, పాత బావులు, వంశవృక్షం, ఇవన్నీ సాక్ష్యాలేనని అందులో రాసి ఉంది. అయినా మన క్లెయిములు ఎన్ని తిరిగొచ్చాయి? "ఆధారాలు లేవు" అని ఒక్క ముక్క రాసి పక్కన పడేస్తారు. ముసలవ్వ చెప్పిన మాటను కోర్టు నమ్మే సాక్ష్యంగా ఎట్లా తయారు చేయాలి, ఏ వరుసలో పెట్టాలి, మ్యాపును ఎట్లా గీయాలి, ఎదుటి లాయరు అడిగే ప్రశ్నలకు ఆమెను ఎట్లా సిద్ధం చేయాలి? ఈ పనిలో మనకంటే ముందు నడిచి, దెబ్బలు తిని, గెలిచినోళ్లు లాటిన్ అమెరికా దేశాల్లో ఉన్నారు. వాళ్ల అనుభవమంతా స్పానిష్‌లో ఉంది.

ఇంకొకటి. ఈక్వడార్‌లో సరయాకు అనే ఊరు. కిచ్వా జాతి, సుమారు 1200 మంది జనాభా. వాళ్లను అడగకుండానే చమురు కంపెనీ అడవిలోకి దిగి, నేల లోపల దాదాపు 1400 కిలోల పేలుడు పదార్థం పాతిపెట్టింది. పదేళ్లు కొట్లాడారు. 2012 ఏప్రిల్లో కోర్టు ప్రతినిధులే ఆ అడవిలో దిగి ఊరికి పోయారు. కేసు ఉన్న చోటికి ఆ కోర్టు రావడం అదే మొదటిసారి. జూన్ 27న తీర్పు వచ్చింది. సంప్రదింపు అనేది పని మొదలుకాక ముందే జరగాలి. జనానికి అర్థమయ్యే పద్ధతిలో, వాళ్ల ఆచారం ప్రకారం జరగాలి. పర్యావరణానికి ఏం నష్టమో ముందే చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ బాధ్యత ప్రభుత్వానిది, దాన్ని కంపెనీ చేతిలో పెట్టి చేతులు దులుపుకోకూడదు.

ఇప్పుడు మన దగ్గర జరిగే ప్రజాభిప్రాయ సేకరణ గుర్తు చేసుకోండి. షామియానా వేస్తారు, పోలీసులు నిలబడతారు, ఇంగ్లీషులో ఉన్న రిపోర్టును ఆఫీసు తెలుగులో రెండు నిమిషాలు చదువుతారు. కోయ, కువి, సవర, గోండి, కొలామి మాట్లాడే ముసలోళ్లు వెనక కూర్చుంటారు. హాజరు పట్టీలో వేలిముద్రలు పడతాయి. సాయంత్రానికి "గ్రామసభ ఆమోదించింది". పెసా చట్టం 1996లో వచ్చింది. గ్రామసభను సంప్రదించాలని అందులో ఉంది. సంప్రదించడం అంటే ఏమిటి అని కోర్టులో మాట వచ్చినప్పుడు, ఆ ఒక్క మాటకే ఇన్నేళ్లుగా ఎన్నో కోర్టులు రాసిన అర్థం అక్కడ ఉంది. స్పానిష్‌లో దాన్ని "కన్సుల్తా ప్రేవియా" అంటారు, ముందుగా అడగడం. పెరూలో 2011లో దీని కోసమే ఒక చట్టం తెచ్చారు. అది ఊరికే రాలేదు. 2009 జూన్‌లో బాగువా దగ్గర అడవి జాతుల నిరసన మీద పోలీసు చర్య జరిగి, రెండు వైపులా కలిపి 33 మంది చనిపోయాక వచ్చింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. వాళ్ల కోర్టు తీర్పు మన హైకోర్టును కట్టిపడేయదు. "నికరాగువాలో ఇట్లా అన్నారు కాబట్టి మీరూ అనండి" అంటే జడ్జి గారు ఒప్పుకోరు. అయితే బయటి దేశాల న్యాయం మన కోర్టుల గడప తొక్కనిదేం కాదు. నియంగిరి కేసులో 2013 ఏప్రిల్ 18న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఆదివాసుల మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందాలను ప్రస్తావించింది. ఆ తర్వాత 12 పల్లీసభలు పెట్టారు, పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 107వ ఒప్పందాన్ని మన దేశం 1958లోనే ఆమోదించింది. దాని తర్వాత 1989లో వచ్చిన 169వ ఒప్పందం ఇంకా బలమైనది. దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు. ఆమోదించిన దేశాల్లో సగానికి పైగా స్పానిష్ మాట్లాడే దేశాలే. అంటే ఆ ఒప్పందాన్ని నేల మీద పెట్టి ఎట్లా నడపాలో తెలిసిన జడ్జీలు, లాయర్లు, ఊరి పెద్దలు ఎక్కువగా ఆ భాషలోనే ఆలోచిస్తున్నారు. "మన దేశం కూడా ఆమోదించాలి" అని నినాదం ఇస్తున్న మనం, ఆమోదించిన చోట ఏం జరిగిందో చదవకపోతే ఎట్లా?

"ఆ తీర్పులు ఇంగ్లీషులో దొరుకుతాయి కదా" అని కొందరు అడుగుతారు. నిజమే, అవాస్ తింగ్ని, సరయాకు తీర్పులు ఇంగ్లీషులో ఉన్నాయి. తప్పకుండా ముందు అవే చదవండి. కానీ ఇంగ్లీషులోకి వచ్చేది చివరి తీర్పు. దాని కింద ఉన్న సరుకంతా రాదు. ఆయా దేశాల కింది కోర్టుల ఉత్తర్వులు, ఊరు వేసిన పిటిషను, సాక్షులు చెప్పిన మాటలు, ఊరు తనకు తాను రాసుకున్న సంప్రదింపు నియమాలు, గెలిచాక అమలు కాకపోతే మళ్లీ వేసిన దరఖాస్తులు, ఇవన్నీ స్పానిష్‌లోనే ఉంటాయి. లాయరుకు పనిముట్లు అవే. వంట నేర్చుకోవాలంటే వండిన కూర రుచి చూస్తే సరిపోదు, పొయ్యి దగ్గర నిలబడి చూడాలి.

ఇంకో విషయం కూడా ఉంది. మన గురించి ఇంగ్లీషులో రాసేది ఎవరు? ఎక్కువగా మనోళ్లు కాదు. వాళ్ల గురించి ఇంగ్లీషులో రాసేదీ ఎక్కువగా వాళ్లు కాదు. ఇద్దరు ఆదివాసులు మాట్లాడుకోవడానికి మధ్యలో ఎప్పుడూ మూడో మనిషి ఉంటున్నాడు. ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీ ప్రశ్నల మీద ఏటా న్యూయార్క్‌లో, జెనీవాలో సమావేశాలు జరుగుతాయి. లాటిన్ అమెరికా ప్రతినిధుల్లో చాలా మంది స్పానిష్‌లోనే మాట్లాడతారు. హాలు లోపల దుబాసీలు ఉంటారు, ఇయర్‌ఫోన్ ఉంటుంది. హాలు బయట టీ దగ్గర ఉండరు. నిజమైన స్నేహాలు, సలహాలు, "మా ఊళ్లో ఇట్లా చేశాం" అనే ముచ్చట్లు నడిచేది ఆ టీ దగ్గరే.

స్పానిష్ కూడా వలస వచ్చి ఆక్రమించుకున్నోళ్ల భాషే కదా, దాన్ని మనం ఎందుకు నెత్తికెత్తుకోవాలి? ఇది మంచి ప్రశ్న, గట్టి ప్రశ్న. అవును, ఆ భాష కత్తితో పాటు వచ్చింది. గ్వాటెమాలాలో కిచే మాయా జాతి ఆడబిడ్డ రిగోబెర్తా మెంచూ పెద్దయ్యాకే స్పానిష్ నేర్చుకుంది. తన జాతి మీద సైన్యం చేసిన దాడులను ప్రపంచానికి ఆ భాషలోనే చెప్పింది. 1992లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంది. అంతమాత్రాన కిచే భాష వదిలేయలేదు. కొట్టేవాడి చేతిలో కర్ర గుంజుకోవడం లాంటిది ఇది. మనం తెలుగు, ఇంగ్లీషు విషయంలో చేస్తున్నదీ అదే.

కోర్టు భాష రాకపోతే ఏమవుతుందో మెక్సికోలో హసింతా ఫ్రాన్సిస్కో మార్సియాల్ కథ చూడండి. ఒతోమీ జాతి స్త్రీ. సంతలో చల్లటి పానీయాలు అమ్ముకునేది. 2006లో ఆమెను అరెస్టు చేసి, ఆరుగురు ఫెడరల్ పోలీసులను కిడ్నాప్ చేసిందని కేసు పెట్టారు. విచారణలో ఆమె భాష తెలిసిన దుబాసీని పెట్టలేదు. 21 ఏళ్ల జైలు శిక్ష వేశారు. మూడేళ్లు జైల్లో ఉన్నాక 2009 సెప్టెంబరులో వదిలారు. 2017లో ప్రభుత్వమే బహిరంగంగా క్షమాపణ చెప్పింది. మెక్సికో రాజ్యాంగం 2వ ఆర్టికల్లో ఆదివాసులకు దుబాసీ హక్కు రాసి ఉంది. రాసి ఉన్నా ఇట్లా జరిగింది.

మన దగ్గర మాత్రం? నిందితుడికి అర్థం కాని భాషలో సాక్ష్యం నడిస్తే, అర్థమయ్యే భాషలో అతనికి చెప్పాలని 2024 దాకా అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ ఎప్పటి నుంచో ఉండేది. కోయ మాత్రమే వచ్చిన మనిషికి ఎన్ని కోర్టుల్లో దుబాసీని పెట్టారు? 2003 రాజ్యాంగ సవరణతో సంతాలీ, బోడో భాషలు ఎనిమిదో షెడ్యూల్లోకి వచ్చాయి. గోండి, కోయ, కువి ఇంకా బయటే ఉన్నాయి. హసింతా కేసు చదివిన కోయ లాయరు మన జిల్లా కోర్టులో నిలబడి, "అయ్యా, నా క్లయింటుకు ఇక్కడ ఏం జరుగుతుందో తెలియడం లేదు" అని మొదటి రోజే రికార్డు చేయిస్తాడు. అది చిన్న పని కాదు. అప్పీల్లో ఆ ఒక్క వాక్యమే మనిషిని కాపాడొచ్చు.

అందుకే నా లెక్కలో భాషల వరుస ఇది. మొదటిది అమ్మ భాష. ముసలవ్వ సాక్ష్యం చెప్పేది దాంట్లోనే, అది రాని ఆదివాసీ లాయరుకు సగం కేసు అర్థం కాదు. రెండోది తెలుగు, కింది కోర్టు భాష. మూడోది ఇంగ్లీషు. రాజ్యాంగం 348వ ఆర్టికల్ ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టులు నడిచేది దాంట్లోనే, అది తప్పించుకోలేం. నాలుగోది స్పానిష్. ఇంగ్లీషులో ఒక పేజీ పిటిషను సొంతంగా రాయలేని వాళ్లు ముందు అది నేర్చుకోండి, స్పానిష్ ఒక ఏడాది ఆగినా ఫరవాలేదు. అందరూ నేర్చుకోవాలని కూడా నేను అనడం లేదు. శ్రీకాకుళం కొండల నుంచి ఆదిలాబాద్ దాకా మన ఏజెన్సీ అంతటిలో పది మంది లా విద్యార్థులు పట్టుకుంటే చాలు. ఆ పది మంది చదివి తెలుగులో రాస్తే, వంద గ్రామసభలకు చేరుతుంది.

ఇక కష్టమా, సులువా? మనకు అనుకున్నంత కష్టం లేదు. అ, ఎ, ఇ, ఒ, ఉ, ఐదే అచ్చులు. ఎట్లా రాస్తే దాదాపు అట్లాగే చదువుతారు, ఇంగ్లీషులా స్పెల్లింగ్ ఒకటి, పలికేది ఒకటి అనే గోల తక్కువ. త, ద మనం పలికినట్టే మెత్తగా పలుకుతారు. "మాట్లాడతాను" అంటే "నేను" అని విడిగా చెప్పక్కర్లేదు కదా మనకు? వాళ్లకూ అంతే. "ఆబ్లో" అంటే మాట్లాడతాను, "ఆబ్లాస్" అంటే మాట్లాడతావు, "ఆబ్లామోస్" అంటే మాట్లాడతాం. నువ్వు, మీరు తేడా కూడా ఉంది. కష్టమైనవీ ఉన్నాయి. బల్లకు, కిటికీకి కూడా ఆడ, మగ లింగం ఉంటుంది. "ఉండటం" అనే మాటకు రెండు వేర్వేరు క్రియలున్నాయి. కొన్నాళ్లు తలనొప్పి తప్పదు.

లా చదివేవాళ్లకు ఆ భాషలో కొన్ని మాటలు చాలా నేర్పుతాయి. "దెరేచో" అంటే న్యాయశాస్త్రం, అదే మాటకు హక్కు అనీ అర్థం. "తియెర్రా" అంటే మట్టి, నేల. "తెరితోరియో" అంటే కొండ, వాగు, చెట్టు, సమాధి, దేవుడు అన్నీ కలిసిన జాతి నేల. మన క్లెయిములు ఎకరాల లెక్కలో, ఒక్కో కుటుంబానికి 4 హెక్టార్లు మించని పట్టాల లెక్కలో నడుస్తున్నాయి. సామూహిక అటవీ హక్కు చట్టంలోనే ఉన్నా ఫారాలు నింపేది తక్కువ. వాళ్లు "తియెర్రా" అడగడం మాని "తెరితోరియో" అడగడం ఎప్పుడు మొదలుపెట్టారో, దాంతో ఏం మారిందో చదివితే మన డిమాండ్ల తీరే మారొచ్చు. కొలంబియాలో "తుతేలా" అనే దరఖాస్తు ఉంది. ప్రాథమిక హక్కుకు దెబ్బ తగిలితే లాయరు లేకుండా ఎవరైనా వేయొచ్చు, జడ్జి 10 రోజుల్లో తేల్చాలి. మన ఎల్‌టీఆర్ కేసులు ఎన్నేళ్లు నడుస్తాయో గుర్తు చేసుకుని ఆ మాట చదవండి, కడుపు మండుతుంది. ఆ మంటలోంచే కొత్త డిమాండు పుడుతుంది.

చేరేది ఎక్కడ? ఇగ్నోలో స్పానిష్ భాష, సంస్కృతి మీద సర్టిఫికెట్ కోర్సు ఉంది. జనవరి, జూలై అడ్మిషన్ల ప్రకటన చూసుకోండి, ఫీజు రాయితీ సంగతి ప్రాస్పెక్టస్‌లో చదివి చేరండి. హైదరాబాద్‌లో ఉండి చదివేవాళ్లకు ఇఫ్లూలో స్పానిష్ విభాగం ఉంది. స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ ఢిల్లీలో ఉంది, ఆన్‌లైన్‌లోనూ నేర్పుతుంది, కాకపోతే ఖర్చు ఎక్కువ. గూడెంలో సిగ్నల్ ఉండదు కాబట్టి, సంతకు పోయిన రోజు ఆడియో పాఠాలు ఫోన్లో దించుకుని వారమంతా వినండి. రోజుకు నలభై నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. పరీక్షల ముందు వారం కూర్చుని బట్టీ కొడితే భాష రాదు.

మూడేళ్ల కోర్సులో మొదటి ఏడాది మాటలు, చిన్న వాక్యాలు. రెండో ఏడాది రాజ్యాంగాలు చదవండి, వాక్యాలు చిన్నగా ఉంటాయి. బొలీవియా 2009 రాజ్యాంగంలో 5వ ఆర్టికల్ స్పానిష్‌తో పాటు 36 ఆదివాసీ భాషలను అధికార భాషలుగా గుర్తించింది, అక్కడి నుంచి మొదలుపెట్టండి. మూడో ఏడాది అవాస్ తింగ్ని తీర్పు ఇంగ్లీషుది ఒక పక్క, స్పానిష్‌ది ఒక పక్క పెట్టుకుని, పేరా తర్వాత పేరా చదవండి. ఒకేసారి లా వస్తుంది, ఇంగ్లీషు వస్తుంది, స్పానిష్ వస్తుంది. ఎన్‌రోల్‌మెంట్ ఖర్చు గురించి కూడా భయపడకండి. చట్టంలో ఉన్న దానికంటే ఎక్కువ ఫీజు బార్ కౌన్సిళ్లు తీసుకోకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్సీ, ఎస్టీలకు ఆ ఫీజు మొత్తం 125 రూపాయలు.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. విజయనగరం దగ్గర కేంద్ర గిరిజన యూనివర్సిటీ ఉంది. ములుగులో సమ్మక్క సారక్క పేరు మీద ఇంకొకటి వచ్చింది. వాటిలో ఆదివాసీ న్యాయం చదివే విభాగం, దాంతో పాటు స్పానిష్ సర్టిఫికెట్ కోర్సు పెట్టమని మన విద్యార్థి సంఘాలు అడగాలి. లా చదివే ఎస్టీ విద్యార్థి దూరవిద్యలో భాషా కోర్సు చేస్తే ఆ ఫీజు ఐటీడీఏ కట్టాలి. ఇవి పెద్ద ఖర్చులు కావు. అడిగేవాళ్లు లేక రాలేదు, అంతే.

చివరగా ఒక జాగ్రత్త. లాటిన్ అమెరికాను స్వర్గంలా ఊహించుకోకండి. హోండురాస్‌లో లెంకా జాతి నాయకురాలు బెర్తా కాసెరెస్ తమ నది మీద డ్యామ్ కట్టొద్దని పోరాడింది. 2016 మార్చిలో ఇంట్లోకి చొరబడి కాల్చి చంపారు. హోండురాస్ కూడా 169వ ఒప్పందం ఆమోదించిన దేశమే. మంచి చట్టం, మంచి తీర్పు ఉన్న చోట కూడా మనుషులను చంపుతున్నారు. చట్టం ఒక్కటే మనల్ని కాపాడదు, జనం కదలిక ఉండాలి. కానీ జనం కదిలినప్పుడు కోర్టు లోపల వాళ్ల మాట చెప్పేవాడు లేకపోతే, ఆ కదలికను కేసుల్లో ఇరికించి అణిచేస్తారు. అది కూడా మనం చూస్తున్నదే.

కాబట్టి తమ్ముడూ, చెల్లెమ్మా, ఈ ఏడు లాసెట్ రాయి. సీటు వస్తే కాలేజీ మానకు, హాజరు పోగొట్టుకోకు. సాయంత్రం నలభై నిమిషాలు స్పానిష్‌కు ఇవ్వు. మొదటి తీర్పు చదివిన రోజు దాన్ని తెలుగులో రెండు పేజీలు రాయి, కుదిరితే మీ భాషలో ఫోన్లో రికార్డు చెయ్యి. మీ ఊరి గ్రామసభలో వినిపించు. సరయాకు ఊరి సంగతి మన గూడెంలో ఒక ముసలవ్వ విని, "వాళ్లూ మనోళ్లే కదా బిడ్డా" అంటే చాలు, నీ చదువు పనిలోకి వచ్చినట్టే.

జల్, జంగల్, జమీన్. జోహార్!